గ్రూపులో పెట్టిన మాట గేటుకు అంటించిన నోటీసే



పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసుకు ఒక తల్లి వచ్చింది. టవల్ కార్ఖానాలో కండెలు చుట్టే మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే అడిగింది: “అన్నా, నా బిడ్డ దవాఖానా చిట్టీ గ్రూపుల పెట్టింది ఎవలు?”

జవాబు చెప్పడానికి మాకు కొంచెం సేపు పట్టింది. ఎందుకంటే పెట్టింది మేమే.

సంగతి ఇది. ఏడాదిన్నర కిందట ఆ పిల్లకు టీబీ అని తేలింది. మందులు సర్కారు దవాఖానాలో ఉచితంగానే ఇస్తారు. కానీ పిల్లకు మంచి తిండి పెట్టాలి, తల్లి పనికి నాగా పెట్టి వెంట తిరగాలి, ఇంటి కిరాయి ఆగదు. సాయం చేయాలని యూనియన్ అనుకుంది. మన వాట్సాప్ గ్రూపులో విజ్ఞప్తి పెట్టాం. చదివినవాళ్లకు నమ్మకం కుదరాలని డాక్టరు రాసిన చిట్టీ ఫోటో కూడా పెట్టాం. అందులో పిల్ల పేరు, వయసు, ఇంటి అడ్రసు, రోగం పేరు అన్నీ ఉన్నాయి. రెండు రోజుల్లో డబ్బు పోగైంది. మేము సంతోషపడ్డాం. కార్మికుల ఐక్యత అంటే ఇదీ అని మీటింగులో చెప్పుకున్నాం కూడా.

పిల్ల ఆరు నెలల మందులు ఒక్క రోజు తప్పకుండా మింగింది. రోగం నయమైంది. తర్వాత సంబంధం చూశారు. మాటలు అయిపోయి ముహూర్తం పెట్టుకునే వేళకు అవతలి వాళ్ల ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. అదే చిట్టీ. ఎవరు పంపారో తెలియదు. నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించినా వాళ్లు వినలేదు. సంబంధం ఆగిపోయింది.

ఆ తల్లీబిడ్డల అనుమతి తీసుకునే ఈ సంగతి రాస్తున్నాం. అచ్చుకు ఇచ్చే ముందు ఇద్దరికీ చదివి వినిపించాం. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. ఈ జాగ్రత్త అప్పుడే తీసుకుని ఉంటే ఈ వ్యాసం రాసే పని పడేది కాదు.

ఎవరు వింటున్నారో అప్పుడు తెలిసేది

మేము 1990 ప్రాంతంలో షోలాపూర్‌లో ఒక మిల్లులో బదిలీ మీద చేరాం. ఆ మిల్లు ఇప్పుడు నడవడం లేదు. సాంచా ఖాతాలో ఆ మోతకు పక్కవాడి మాట వినపడేది కాదు. పెదవులు చూసి, చేతి సైగలు చూసి మాట్లాడుకునేవాళ్లం. గేటు మీటింగులో మైకు పట్టుకుని చెప్పే మాట వేరు, మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఇద్దరు ముగ్గురం చెప్పుకునే మాట వేరు. చాయ్ హోటల్లో మాట్లాడుతుండగా జాబరు వచ్చి పక్క బెంచీ మీద కూర్చుంటే ముచ్చట దానంతటదే పంటల మీదికో పెళ్లిళ్ల మీదికో మళ్లేది. ఇది మాకు ఎవరూ బడిలో నేర్పలేదు.

మా చాల్‌లో రెండు ఇళ్ల మధ్య గోడ ఒక్కటే. మొగుడూ పెళ్లాల పోట్లాట, వడ్డీవాడి కేకలు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, అన్నీ అందరికీ తెలిసేవి. తెలిసినా, పరాయి మనిషి వచ్చి అడిగితే “మాకేం తెల్వదు” అనేవాళ్లు. ఇంటి గుట్టు లంకకు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ కాలపు మనుషులు దేవుళ్లని మేము చెప్పడం లేదు. చాడీలు అప్పుడూ ఉన్నాయి. యాజమాన్యానికి చెవులు అప్పుడూ ఉన్నాయి. తేడా ఒక్కటే. ఎదురుగా ఎవరున్నారో మన కళ్లకు కనపడేది. దాన్ని బట్టి నోరు విప్పేవాళ్లం, మూసేవాళ్లం.

గ్రూపులో ఎవరున్నారు?

ఆ తల్లి వెళ్లిపోయిన సాయంత్రం మేము, కార్యవర్గ సభ్యులు కలిసి మన గ్రూపులో ఉన్నవాళ్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆరు వందల పైచిలుకు నంబర్లు ఉన్నాయి. సగం మందిని కూడా గుర్తుపట్టలేకపోయాం. పని మానేసి ఊరికి పోయినవాళ్లు ఉన్నారు. అప్పులిచ్చే ఏజెంట్లు ఉన్నారు. రెండు కార్ఖానాల గుమాస్తాలు ఉన్నారు. వాళ్లను ఎవరు చేర్చారని అడిగితే తెలిసింది: గ్రూపు లింకును మేమే నలుగురికి పంపాం, నలుగురు నలభై మందికి పంపారు.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో మనవాళ్లు తెలుసుకోవాలి. సాంచా సంగతి తెలియకుండా దాని ముందు నిలబడతామా? వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు చేరవచ్చు. మామూలు గ్రూపులో మన ఫోన్ నంబరు అందరికీ కనపడుతుంది. “మా మెసేజీలకు తాళం ఉంటుంది” అని ఆ కంపెనీ చెబుతుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ తాళం దారిలో వేసేది. మెసేజీ చేరిన ప్రతి ఫోనులో తాళం తీసే ఉంటుంది. చేరినవాడు దాన్ని చదువుతాడు, ఫోటో తీస్తాడు, ఇంకొకరికి పంపుతాడు. తప్పు తెలుసుకుని అందరి ఫోన్లలోంచి తుడిచేయాలంటే సుమారు రెండున్నర రోజులే గడువు. ఆలోగానే అది వేరే గ్రూపుకు పోయి ఉంటే దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు. టెలిగ్రామ్‌లో బహిరంగ గ్రూపులైతే ఇంకా విడ్డూరం. అందులో చేరకుండానే ఎవరైనా మొత్తం చదవవచ్చు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఇప్పుడు అక్షరాలా నిజమైంది.

మన తెలుగు కార్మికులకు దీనివల్ల జరిగే నష్టం ఇంకొంచెం ఎక్కువ. షోలాపూర్‌లో పెట్టిన ఫోటో సాయంత్రానికి భివండి, సూరత్, సిరిసిల్ల చేరుతుంది. మన పని, మన అప్పు, మన పిల్లల సంబంధాలు అన్నీ ఆ ఊళ్ల మధ్యనే తిరుగుతాయి. వందమంది తెలియనివాళ్లు చూస్తే పోయేది కొంచెం. తెలిసిన ఒక్కడు చూస్తే పోయేది చాలా.

సంతకాల కాగితం

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక కార్ఖానాలో పీఎఫ్ కోసం అర్జీ రాశాం. పద్దెనిమిది మంది ధైర్యం చేసి సంతకాలు పెట్టారు. వాళ్లలో ఒక కుర్రవాడు సంబరం పట్టలేక ఆ కాగితం ఫోటో తీసి “మనోళ్లు ఒక్కటైన్రు” అని గ్రూపులో పెట్టాడు. అర్జీ ఇంకా ఆఫీసు మెట్లెక్కలేదు. మర్నాడు పొద్దున నలుగురి సాంచాల మీద భీములు అయిపోయాయి. కొత్త భీము రాలేదు. “మాల్ లేదు, వారం ఆగు” అన్నారు. పక్క సాంచాలకు మాల్ ఉంది. పనిలోంచి తీసేశామని ఎవరూ అనలేదు, కాగితం ఇవ్వలేదు. దేని మీద కేసు వేస్తాం? వారం మూడు వారాలైంది. నలుగురిలో ఇద్దరు వేరే చోటికి పోయారు. మిగతావాళ్లు సంతకం వెనక్కి తీసుకుంటామని వచ్చారు. వాళ్లను మేము తప్పు పట్టలేదు.

ఆ కుర్రవాడు ద్రోహి కాడు. అందరికంటే ఉత్సాహం ఉన్నవాడు. నూరుమంది మనవాళ్ల మధ్య నిలబడి మాట్లాడుతున్నానని అనుకున్నాడు. సేఠు గదిలో నిలబడి మాట్లాడుతున్నానని తెలియలేదు.

ఇలాగే “ఫలానా చోట పని ఉంది, ఆధార్, పాన్ ఫోటోలు గ్రూపులో పెట్టండి” అని ఎవరో రాస్తారు. పదిమంది పెడతారు. కొందరు పీఎఫ్ పాస్‌బుక్కు కూడా పెడతారు, అందులో యూఏఎన్ నంబరు ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత “పీఎఫ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం” అని ఫోన్ వస్తుంది. మన పేరు, తండ్రి పేరు, నంబరు అన్నీ అవతలివాడే చెబుతాడు. అన్నీ తెలిసినవాడు కదా అని మనం నమ్మి ఓటీపీ చెప్పేస్తాం. ఆ వివరాలు వాడికి ఇచ్చింది మనమే అన్న సంగతి డబ్బు పోయాక గుర్తుకొస్తుంది.

కుర్రవాళ్ల సంగతి వేరే చెప్పాలి. రాత్రి పాళీ చేసి గదికి వచ్చిన పిల్లవాడికి నిద్ర పట్టదు. పెళ్లాం పిల్లలు ఊళ్లో ఉంటారు. మాట్లాడే మనిషి ఉండడు. ఫోనులో ఏదో గ్రూపు ఉంటుంది. ముఖం తెలియనివాళ్లతో ఇంట్లో గొడవ, అప్పు, తాగుడు అన్నీ చెప్పుకుంటాడు. తెల్లారేసరికి ఆ మాటలే నవ్వులాటగా ఇంకో గ్రూపులో తిరుగుతాయి. అతన్ని తిట్టి లాభం లేదు. బాధ చెప్పుకోవాలనుకోవడం తప్పు కాదు. చెప్పుకునే చోటు మనం చూపించలేదు. సాయంత్రం యూనియన్ ఆఫీసుకు తాళం పెట్టి పోయేది మేమే కదా.

“మన దగ్గర దాచుకోవడానికేముంది?”

ఈ విషయం మీటింగులో పెట్టినప్పుడు ఒక పెద్దాయన అన్నాడు: “మనం బీదోళ్లం. మన దగ్గర దాచుకునేదేముందయ్యా? దాచుకునేది సేఠుకు ఉంటది.” అందరూ నవ్వారు. మాకు మాత్రం ఆ మాట సరిగా తోచలేదు.

సేఠు అప్పు సంగతి బ్యాంకు మేనేజరుకు తెలుసు, ఆయన లెక్కలు రాసేవాడికి తెలుసు. మూడోవాడికి తెలియదు. సేఠుకు రోగమొస్తే పెద్ద ఆస్పత్రిలో వేరే గదిలో చూపించుకుంటాడు. మన అప్పు కిరాణా కొట్టు పుస్తకంలో ఉంటుంది, మన రోగం వరండాలో వరుసలో నిలబడి ఉంటుంది. ఉన్నవాడికి గుట్టు కాపాడుకోవడానికి గోడలున్నాయి, డబ్బుంది, మనుషులున్నారు. మనకు ఉన్నది పక్కవాడి నోరు మాత్రమే. అది జారితే కిరాయి ఇల్లు పోతుంది, ఉద్దెర ఆగుతుంది, భీము ఆగుతుంది, పిల్ల పెళ్లి ఆగుతుంది. కాబట్టి గుట్టు బీదవాడికే ఎక్కువ అవసరమని మా అభిప్రాయం.

సుప్రీంకోర్టు కూడా గోప్యత పెద్దవాళ్ల సొత్తు అనలేదు. కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామి గారు వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాటగా తీర్పు చెప్పారు. గోప్యత రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కు అని, జీవించే హక్కును చెప్పే 21వ అధికరణంలో అది భాగమని అన్నారు. ఆ కేసు నడిచిందే ఆధార్ గురించి. మన వేలిముద్రలు తీసుకున్న ఆధార్ గురించే.

అయితే కోర్టు తీర్పు ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకు ఒక చట్టం చేసింది. ఒక మనిషి తన సమాచారాన్ని తానే బహిరంగంగా పెట్టుకుంటే దానికి ఆ చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది. అంటే మన ఇంటి తలుపు మనమే తీసి పెడితే చట్టం వచ్చి మూయదు. ఇంకొకరి విషయంలో మాత్రం కొన్ని చోట్ల చట్టం గట్టిగానే ఉంది. అత్యాచారానికి గురైన ఆడమనిషి పేరు గానీ గుర్తు తెలిపే వివరాలు గానీ బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. న్యాయం కోసమే పెట్టామని ఫోటో తిప్పేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మరి నోరు మూసుకోవాలా?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఈ వ్యాసం చదివి ఏ సేఠైనా “చూశారా, మీ యూనియనే చెప్పింది, గ్రూపుల్లో ఏమీ రాయకండి” అంటే మేము ఒప్పుకోము. యాజమాన్యాలు ఎప్పుడూ కోరేది అదే. నీ కూలి పక్కవాడికి చెప్పకు, ప్రమాదం జరిగితే బయట అనకు, పీఎఫ్ మాట ఎత్తకు. అది గోప్యత కాదు, దోపిడీకి వేసిన ముసుగు. ఏ కార్ఖానాలో ఎంత రేటు ఇస్తున్నారు, ఎక్కడ బోనస్ ఎగ్గొట్టారు, ఎక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, ఎక్కడ బెల్టుకు జాలీ లేక చెయ్యి నలిగింది, ఇవన్నీ గట్టిగా చెప్పవలసిన మాటలే. వీధిలో చెప్పాలి, గ్రూపులో చెప్పాలి, లేబర్ ఆఫీసులో చెప్పాలి.

కానీ చెప్పేది యూనియన్ పేరుతో చెప్పాలి. చెయ్యి నలిగిందని చెప్పడానికి నలిగిన మనిషి ముఖం ఫోటో అక్కర లేదు. పద్దెనిమిది మంది ఒక్కటయ్యారని చెప్పడానికి పద్దెనిమిది పేర్లు అక్కర లేదు. సేఠు చేసిన తప్పు బయట పెట్టాలి, కార్మికుడి గుట్టు కాపాడాలి. రెండూ యూనియన్ పనులే. మొదటిది మేము ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం. రెండోదానిలో వెనకబడ్డాం.

కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలు

1. ఒక కార్మికుడి రోగం, అప్పు, ఇంటి తగాదా, పిల్లల విషయం ఏదీ ఆ మనిషిని అడగకుండా యూనియన్ గ్రూపులో పెట్టరాదు. అడిగినప్పుడు కూడా ఎంతమంది చూస్తారో చెప్పి అడగాలి. కష్టంలో ఉన్న మనిషి దేనికైనా సరే అంటాడు. ఆ “సరే”ను పట్టుకుని పని చేయరాదు.

2. సాయం అడిగేటప్పుడు “మన సభ్యుడి కుటుంబంలో ఒకరికి వైద్యం అవసరం” అని మాత్రమే రాస్తాం. కాగితాలు కార్యవర్గంలో ఇద్దరు చూసి సంతకం చేస్తారు. అనుమానం ఉన్నవాళ్లు ఆ ఇద్దరినీ వచ్చి అడగవచ్చు. జమా ఖర్చు లెక్క మాత్రం అందరికీ చూపిస్తాం.

3. అర్జీలు, సంతకాలు, మీటింగు ఫోటోలు గ్రూపులో పెట్టరాదు. ఆ కాగితాలు ఆఫీసు బీరువాలోనే ఉంటాయి.

4. పాత లింకు రద్దు చేశాం. కొత్తగా చేరేవాళ్లను ఇద్దరు సభ్యులు ఎరుగుదుమని చెప్పాకే చేర్చుకుంటాం. ఎవరో తెలియని నంబర్లను తీసేస్తున్నాం. పొరపాటున మీ నంబరు పోతే కోపం తెచ్చుకోక ఆఫీసుకు చెప్పండి.

5. ఆధార్, పాన్, పాస్‌బుక్కు, ఓటీపీ ఏ గ్రూపులోనూ పెట్టకండి. ఆధార్ ఇవ్వక తప్పని చోట మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అది ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. వేలిముద్రలకు తాళం వేసుకునే వీలూ అక్కడే ఉంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

6. బుధవారం, శనివారం రాత్రి తొమ్మిది దాకా ఆఫీసు తెరిచి ఉంచుతాం. ఎవరికి ఏ బాధ ఉన్నా వచ్చి చెప్పుకోవచ్చు. విన్న మాట ఆ గది దాటదు. దాటితే ఆ కార్యవర్గ సభ్యుడిని తొలగించే అధికారం సర్వసభ్య సమావేశానికి ఉంది. ఆ లెక్కలో మేము కూడా ఉన్నాం.

ఈ నిర్ణయాలు కాగితం మీద ఉంటే చాలదు. తప్పు మొదట చేసింది యూనియన్ కాబట్టి మొదట మారవలసింది కూడా యూనియనే. మేము గీత దాటినట్టు కనపడితే ముఖం మీదే చెప్పండి.

ఆ తల్లికి మేము క్షమాపణ చెప్పుకున్నాం. అవతలి ఇంటికి వెళ్లి మాట్లాడతామంటే వద్దంది. “ఆ ముచ్చట ఇంక పెద్దది చెయ్యకున్రి” అంది. పోయేముందు గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అంది: “పైసలిచ్చిన్రు, నా బిడ్డ బతికింది. మీ మీద నాకు కోపం లేదన్నా. గని ఒక్కసారి నన్ను అడగాల్సి ఉండె.”

అడగవలసింది. అడగలేదు. ఇకనుంచి అడుగుతాం. మీరు కూడా పక్కవాడి సంగతి గ్రూపులో పెట్టే ముందు ఒక్కసారి అతన్ని అడగండి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు అందరూ ఫోన్లు తీసుకుని ఆఫీసుకు రండి. మనల్ని అడగకుండా ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా సెట్టింగ్స్‌లో ఎలా ఆపుకోవాలో యువ కార్మికులు కూర్చోబెట్టి చూపిస్తారు. ఆడవాళ్లు తప్పకుండా రావాలి. చాయ్ ఖర్చు యూనియన్‌ది.